గిద్దలూరు ఇంటి పక్క సందు

ఈ పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు ముందుగా మోటారు గురించి అడుగుతారు. ఎంత వత్తిడిది కొనాలి, పైపు ఎంత పొడవుండాలి, నాజిల్ ఏ రకం అని. మోటారు గురించి చెప్పడం తేలిక, చెబుతాను. కానీ గిద్దలూరు ఇంట్లో జరిగింది వినకుండా మాత్రం ఎవరినీ పంపను. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి పని మానేశాను. వచ్చినవాళ్లందరికీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక తగ్గింది. అందుకే రాసి పెడుతున్నాను.

మాది మార్కాపురం. వయసులో ఉన్న రోజులన్నీ పలకల ఫ్యాక్టరీలో గడిచాయి. రాయి పలకకు చెక్క చట్రం బిగించి, అంచులు నున్నగా రుద్దే పని. పలకలు కొనేవాళ్లు తగ్గేకొద్దీ మా పనిరోజులూ తగ్గాయి, చివరికి ఫ్యాక్టరీ వాళ్లే ఇక రావొద్దన్నారు. అప్పుడు రంగులు వేసేవాళ్ల దగ్గర కూలికి చేరాను. పాత రంగు గీకడం, పగుళ్లలో లప్పం పెట్టడం, ఉప్పు కాగితంతో రుద్దడం. పలకను రుద్దిన చేతికి గోడను రుద్దడం పెద్ద విద్య కాదు.

అక్కడి మేస్త్రిని అందరం భాయ్ అనేవాళ్లం. మాతో తెలుగు, ఇంట్లో వాళ్లతో తురకం మాట్లాడేవాడు. మనిషి లావు, మాట మెత్తన. కరోనా కాలంలో రంగుల పనులు ఆగిపోతే వీధుల్లో హైపో చల్లే పనికి కుదిరాడు. హైపో అంటే బ్లీచింగు నీళ్ల లాంటిదే, కాస్త ఘాటుది. కొన్ని వారాలు చల్లాక ఒకరోజు మా ఇంటి ముందు ఆగి, ఒక గోడ చూపిస్తా రమ్మని నన్ను తీసుకుపోయాడు. వానలకు నల్లబారిన గోడ అది. మందు తుంపర పడినంత మేర మాత్రం తెల్లగా ఉంది.

"గీకలేదు, రుద్దలేదు అక్కా. దానంతట అదే పోయింది" అన్నాడు.

మా పని అట్లా మొదలైంది. ఎండ తగలని వైపు గోడలకు పట్టే నలుపు మట్టి కాదు. నాచు, బూజు. అది ప్రాణమున్నది. జోరుగా నీళ్లు కొట్టే మిషన్లతో కడిగితే పైపొర పోతుంది, వేరు ఉండిపోతుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది, పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. ముందరి గోడకు మా ఊరి పలకరాయి అతికించుకున్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, రాయి పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అదే మందును పలచగా కలిపి, కాస్త సబ్బునీళ్లు చేర్చి, చెట్లకు నీళ్లు చల్లినంత మెల్లగా గోడకు పట్టించి, వక్కాకు నమిలేంత సేపు వదిలేస్తే నాచు చస్తుంది. తర్వాత మామూలు పైపుతో నీళ్లు పోస్తే జారిపోతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లు మావి. తక్కువ నీళ్లతో అయ్యే పని అంటే జనం చెవి పెట్టి విన్నారు.

మోటారు అంటే మహా యంత్రమేమీ కాదు. పురుగుమందుల దుకాణాల్లో దొరికే బ్యాటరీ పంపు లాంటిదే. ఒకటే షరతు, అందులో అంతకుముందు పురుగుమందు పోసి ఉండకూడదు. కొత్తది కొనాలి. పని అయ్యాక మంచినీళ్లతో నడిపి కడగకపోతే లోపలి రబ్బరును మందు తినేస్తుంది. కళ్లకు అద్దాలు, మోచేతి దాకా గ్లౌజులు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఎండాకాలం అవి వేసుకుని నిలబడితే బూట్లలో చెమట చప్పుడు చేస్తుంది. అయినా తీయకూడదు. భాయ్ ఒకసారి అద్దాలు తీసి చెమట తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం వరకూ ఒక కన్ను మూసుకునే మాట్లాడాడు. మళ్లీ తీయలేదు.

మా మూడోమనిషి నిచ్చెన ఎక్కేవాడు. మేం పెట్టిన పేరు నిచ్చెనన్న. పలకరాయి గనుల్లో చాలాకాలం పనిచేశాడు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. నాలుగు అడుగులు వేగంగా వేస్తే ఆయాసం. నిచ్చెన మీద మాత్రం అంత నమ్మకమైన మనిషిని నేను చూడలేదు. తొందరపడలేడు కాబట్టి జారడు. ఒక మెట్టు ఎక్కి, ఊపిరి తీసుకుని, చుట్టూ చూసి, ఇంకో మెట్టు ఎక్కేవాడు. కింద నుంచి భాయ్ విసుక్కుంటే, "నేను పడితే నీ మోటారు మీదే పడతా, ఆలోచించుకో" అనేవాడు.

పనులు పంచుకున్నాం. మందు కలపడం, మోటారు, ఇంటివాళ్లతో మాటలు భాయ్‌వి. పైనుంచి చల్లడం నిచ్చెనన్న వంతు. నాది నేలపని. చెట్లను ముందే నీళ్లతో తడిపి గోనెసంచులు కప్పడం, కరెంటు మీటరుకు ప్లాస్టిక్ కవరు చుట్టడం, మందు పట్టాక గోడను నీళ్లతో కడగడం. ఇంటి యజమాని బయటికి వస్తాడు, భాయ్‌తో మాట్లాడతాడు, లోపలికి పోతాడు. ఏ ఊళ్లోనైనా అంతే. ఆ పద్ధతి మేం పెట్టింది కాదు. ఎవరూ పెట్టకుండానే ఉంది.

గిద్దలూరు ఇంటాయనకు ఎరువుల దుకాణం ఉంది. రెండంతస్తుల ఇల్లు. కూతురి నిశ్చితార్థం దగ్గర పడింది, రంగులు వేయించే వ్యవధి లేదు, కడిగితే చాలన్నాడు. ముందు వైపు అంత మాసిపోలేదు. ఉత్తరం వైపు గోడ మాత్రం పైనుంచి కింద దాకా నల్లగా ఉంది. అక్కడ ఇంటికి, ప్రహరీకి మధ్య నిచ్చెన పట్టేంత సందు. గోడ వారగా ఒక కాలవ. సందు చివర బయటి బాత్రూం, దాని పక్కనే వంటింటి వెనక తలుపు. బాత్రూం నీళ్లు కూడా ఆ కాలవలోకే వస్తాయి. ఇవన్నీ పొద్దున్నే చుట్టూ తిరిగి చూసుకున్నాను.

ముందు వాకిట్లో భాయ్ ఇంటాయనకు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. కిటికీలు మూయండి, బండి బయట పెట్టండి, మీటరు దగ్గర మెయిన్ ఆపేస్తాం, ఈ రోజు యాసిడ్ లాంటివి వాడొద్దు. ఆయన చెవి దగ్గర ఫోను ఉంది. యూరియా లోడు ఎక్కడో ఆగిపోయినట్టుంది. ఫోను పక్కకు తీసి సరే సరే కానీండి అని, మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

అదే సమయంలో నేను వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి ఆ ఇంటి ఇల్లాలు ఇచ్చిన కాఫీ తాగుతున్నాను. నాకంటే చిన్నది, కలుపుగోలు మనిషి. వదినా అని పిలిచాను, ఆమె నన్ను అక్కా అంది. నిశ్చితార్థానికి వచ్చే చుట్టాల గురించి, పెళ్లికొడుకు వైపు వాళ్ల గురించి చెప్పింది. వాళ్ల బోరు నీళ్ల గురించి చెప్పింది. ఏది కడిగినా తెల్లటి ఉప్పు కడుతుందట, బకెట్లు, కుళాయిలు, బండలు అన్నీ తెల్లగా అయిపోతాయట. మా మార్కాపురంలోనూ అంతే అన్నాను. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఇంకో మాట ముందుకు పోయి ఉంటే బాగుండేది, పోలేదు.

పని బాగా సాగింది. ముందు గోడ అయిపోయేసరికి ఆమె వీధిలోకి పోయి నిలబడి చూసుకుంది. కొత్త ఇల్లు లాగుందంది. ఎదురింటావిడను పిలిచి చూపించింది. ఆ ఉత్సాహం నాకు ఇప్పటికీ గుర్తు. ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా ఆ ఉత్సాహం వల్లే జరిగింది. గోడ అంత తెల్లగా కనపడేసరికి ఆమెకు బయటి బాత్రూం గుర్తొచ్చింది. వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడానికి అక్కడికే పోతారు. బండల మీద ఉప్పు గట్టిపడి ఉంది.

మేం సందులోకి మారాం. నిచ్చెన వెనక వైపుకు వేసి, అన్న మొదటి అంతస్తు కిటికీ దాటి ఎక్కాడు. కింది సగానికి మందు పట్టించడం అయిపోయింది, పైసగం నడుస్తోంది. సందు మొదట్లో పైపు పట్టుకుని నేనున్నాను. గోడ మీంచి కారిన మందు కాలవలో చేరింది. ఎక్కడో ఆకులు అడ్డుపడి కాలవ నెమ్మదిగా పారుతోంది. గాలి లేదు. ప్రహరీ ఎత్తుగా ఉండడంతో ఆ సందు కొలిమి లాగా ఉంది.

ముందు వాసన వచ్చింది. బ్లీచింగు వాసన మాకు అలవాటే, ఇంటికి పోయి స్నానం చేసినా జుట్టులో ఉంటుంది. ఇది అది కాదు. ఎండుమిరపకాయలు పొయ్యిలో పడ్డట్టు గొంతు పట్టేసింది. సందు చివర కాలవ మీద నేలకు దగ్గరగా పచ్చటి పొగ ఒకటి కదులుతోంది. బాత్రూం గడప దగ్గర ఇల్లాలు కూర్చుని ఉంది, చేతిలో బ్రష్. పక్కన, బండల ఉప్పు వదిలించే యాసిడ్ సీసా. ఆమె దగ్గు మొదలై, ఆగకుండా పెరిగింది. లేవబోయి గడప పట్టుకుని మళ్లీ కూలబడింది.

మా మందు మీద యాసిడ్ పడితే విషపుగాలి పుడుతుంది. అది గాలి కంటే బరువు, కిందికి దిగి గుంటల్లో నిలుస్తుంది. కూర్చున్న మనిషికి ముందు అందుతుంది, ఎత్తున ఉన్నవాడికి చివరన. అది నాకు తెలుసు, అన్నకూ తెలుసు. భాయ్ మాకు పని నేర్పిన మొదటి రోజు చెప్పిందే అది.

"అన్నా, పైకి పో. మిద్దె మీదికి పో" అని అరిచాను.

అన్న నా వైపు చూశాడు. కింద ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత, ఎప్పుడూ ఒక్కో మెట్టు ఆగి ఆగి కదిలే మనిషి, గబగబా కిందికి దిగడం మొదలుపెట్టాడు.

సందు మధ్యలోంచి ఆమె దగ్గరికి పోవాలంటే ఆ పొగలోంచే పోవాలి. మధ్యలో నేనూ పడితే మమ్మల్ని మోసేవాళ్లు లేరు. పైపు పారేసి ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి పరిగెత్తాను. హాల్లో ఇంటాయన తల్లి దూది వత్తులు చేసుకుంటూ కూర్చుంది. అవ్వా లెయ్, వీధిలోకి నడు అన్నాను. బురద బూట్లతో వచ్చానని ఆమె ఏదో అనబోయింది. నా ముఖం చూసి మాట మింగేసి లేచింది. వంటింట్లో కుండ దగ్గర తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాను. పిల్లలూ, తడిగుడ్డ విషాన్ని ఆపేస్తుందని నమ్మకండి. అది కాస్త అడ్డు, అంతే. నేను నమ్ముకున్నది నా ఊపిరిని. గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, వెనక తలుపు తీశాను.

ఆమె తలుపుకు చెయ్యి చాపినంత దూరంలోనే ఉంది. చంకల కింద చేతులు వేసి లాగాను. బండ మీద సబ్బునీళ్లు ఉండడం మేలైంది, మనిషి జారుతూ వచ్చింది. గడప దాటించి, కాలితో తలుపు మూశాను. కళ్లు మండిపోయి ఏమీ కనపడలేదు. పొద్దున చూసుకున్న ఇల్లు కాబట్టి చూడకుండానే హాలు దాటాను. వాకిలి దాటి వీధిలోకి వచ్చాకే ఊపిరి వదిలాను.

అవతల భాయ్ మోటారు ఆపి సందు మొదట్లోకి వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు ఆ రోజు అరిచిన అరుపు వీధి చివరికి వినబడిందన్నారు.

"ఆమెను అక్క తీసుకుపోయింది. నువ్వు దిగితే నిన్నెవరు మోయాల? ఎక్కు."

అన్న అప్పటికే కిందిమెట్ల దాకా వచ్చాడు. పొగ పీల్చాడు. అక్కణ్ణుంచి దగ్గుతూ వెనక్కి ఎక్కాడు. భాయ్ ఇంట్లో మెట్ల మీదుగా మిద్దె ఎక్కి, పిట్టగోడ మీంచి అతన్ని రెండు చేతులా అందుకుని లోపలికి లాగాడు. అంత లావు మనిషి అన్ని మెట్లు ఎట్లా ఎక్కాడో భాయ్‌కే తెలియదు.

పక్కింటాయన ఆటో తీశాడు. ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని సీసాతో కళ్లల్లో నీళ్లు పోస్తూ కూర్చున్నాను. గొంతులో ఈలలాంటి చప్పుడు వస్తోంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏం కలిసింది అని. హైపో, బాత్రూం యాసిడ్ అన్నాను. ఆమె ఇంకేం అడగకుండా ఆక్సిజన్ పెట్టించింది. వెనకే ఇంకో ఆటోలో అన్నను తెచ్చారు. పక్కపక్క మంచాల మీద ఇద్దరికీ మాస్కులు. వాళ్ల ఛాతీలు లేచి పడడం చూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా చేతులకు ఇంకా గ్లౌజులు ఉన్నాయని ఎవరో చెబితే తెలిసింది.

ఇంటాయన దుకాణం నుంచి వచ్చాడు. భార్యను చూసి, మా వైపు తిరిగి, మా ఇంటికి ఏం విషం తెచ్చి పోసినారని అడిగాడు. భయంతో అడిగిన మాట అది, తప్పు పట్టలేం. చుట్టూ చేరినవాళ్లు ఇంకొన్ని మాటలు కలిపారు. పోలీసుల మాట కూడా వచ్చింది. భాయ్ తలవంచుకుని అంతా విన్నాడు. వాళ్లు ఆగాక, పొద్దున్నే యాసిడ్ వద్దని చెప్పినా గదా సారూ అన్నాడు. ఆయనకు గుర్తొచ్చినట్టుంది. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు.

సాయంత్రానికి ఆమెకు ప్రమాదం తప్పిందని చెప్పారు. మాస్కు పక్కకు జరిపి నీళ్లు అడిగింది. నేనే పట్టాను. భర్త మంచం దగ్గరికి వచ్చి, వాళ్లు నాకు చెప్పినారు, నేనే మరిచిపోయినా అన్నాడు. ఆమె ఆయన్ను చూడలేదు, నన్ను చూసింది. గొంతు బొంగురుపోయింది.

"ఆయనకు చెప్పినారంట. బాత్రూం కడిగేది నేను గదక్కా. నాకు చెప్పాల్సింది."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి అన్నది. నాలుగు ముక్కల్లో మా పద్ధతిలో ఉన్న బొక్క చూపించింది. యాసిడ్ సీసా మూత తీసే చెయ్యి ఎవరిదో ఆ చేతికి మాట అందలేదు. మాట వాకిట్లో మగవాళ్ల మధ్య తిరిగి అక్కడే ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో నేను కాఫీ తాగుతూ నిలబడే ఉన్నాను. చెప్పడం నా పని కాదనుకున్నాం, ముగ్గురమూ.

మర్నాడు నేనూ భాయ్ పోయి కాలవను ఉత్త నీళ్లతో కడిగాం. ఆకులు తీసి, నీళ్లు తేటగా పారే దాకా పోశాం. గోడ సగం తెల్లగా, సగం నల్లగా మిగిలింది. మిగతాది తర్వాత చూద్దామన్నారు. వాళ్లు చెప్పకపోయినా మేం ఆ రోజు మందు ముట్టుకునేవాళ్లం కాదు. నిశ్చితార్థం ఆ సగం గోడతోనే జరిగిందని తర్వాత విన్నాను.

మార్కాపురం తిరిగొచ్చే బస్సులో భాయ్ మోటారు అమ్మేస్తానన్నాడు. మళ్లీ రంగులే వేసుకుంటాడట. రంగు వల్ల ఎవరూ చావరన్నాడు. నేను వద్దన్నాను. మందులో తప్పు లేదు, మోటారులో తప్పు లేదు, చెప్పే చోట తప్పుందన్నాను.

"ఇక మీదట లోపలికి పోయి చెప్పేది నేను. మోటారు నీది, మాట నాది. నేను సరే అనేదాకా నువ్వు డ్రమ్ము మూత తియ్యగూడదు."

భాయ్ సరే అక్కా, నువ్వే మేస్త్రివి అన్నాడు. వెటకారంగా అన్నాడేమోనని ముఖం చూశాను. కాదు. ఆ రోజు నుంచి పని మానేదాకా ఆ జట్టుకు మేస్త్రిని నేనే.

అన్న కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. అసలే దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు. ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. చూడటానికి పోయినప్పుడు అడిగాను, పైకి పొమ్మంటే వినబడలేదా అని. కోపంతోనే అడిగాను.

"వినబడింది. పైకే పోదామనుకున్నా. కింద ఆమె అట్ల కూలబడతా ఉంటే కాళ్లు పైకి రాలేదు" అన్నాడు.

అయినా పిల్లలూ, మీకు చెప్పేది మాత్రం పైకి పొమ్మనే. కింద ఉన్న మనిషిని కాపాడటానికి వేరే దారి వెతకాలి. ఆ దారి పొద్దున్నే చూసిపెట్టుకోవాలి. వెనక తలుపు ఎక్కడుందో నాకు తెలియకపోయి ఉంటే నేనూ అన్న చేసిందే చేసేదాన్నేమో.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ఏ ఇంటికి పోయినా భాయ్ వాకిట్లో ఆగేవాడు, నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఈ ఇంట్లో బాత్రూం ఎవరు కడుగుతారని అడిగేదాన్ని. అత్తా, కోడలా, పనిమనిషా. ఎవరైతే వాళ్లకే చెప్పేదాన్ని, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకునేదాన్ని. యాసిడ్ సీసాలు, పినాయిలు, బండలు రుద్దే పొడులు అన్నీ ఒక బకెట్లో వేయించి, మేం పోయేదాకా వీధి గుమ్మం బయట పెట్టించేదాన్ని. మొదట్లో మగవాళ్లకు వింతగా ఉండేది. ఇంటి లోపలి బకెట్లతో మీకేం పని అన్నారు కొందరు. పని ఉందని చెప్పి పోయేదాన్ని.

లోపలికి పోవడం వల్ల చెప్పడమే కాదు, వినడం కూడా అయింది. బేస్తవారిపేట దగ్గర ఒక ఇంట్లో నేను చెప్పేదంతా విని, ఆ ఇంటి పెద్దామె ఒక ప్రశ్న వేసింది. గోడ కడిగిన నీళ్లు యాడికి పోతాయి అని. దొడ్డి వెనక్కి పోతాయన్నాను. ఆ దొడ్డి వెనక గుంటలోనే మేత నుంచి వచ్చిన గొర్రెలు నీళ్లు తాగుతాయంది. వాళ్లవి, పక్కవాళ్లవి, మొత్తం మంద. భర్త అప్పటిదాకా భాయ్‌తో అరగంట మాట్లాడాడు, గొర్రెల మాటే రాలేదు. మట్టితో కట్ట వేసి, కడిగిన నీళ్లు గుంట వైపు పోకుండా ఆపాం. గొర్రెలను ఆ రోజు వేరే చోటికి తోలించాం. తర్వాతి ఇంటి దగ్గర నేను బూట్లు విప్పి లోపలికి పోతుంటే భాయ్ నా కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

అన్న కూడా తిరిగొచ్చాడు. నిచ్చెన ఎక్కడు, డ్రమ్ముల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అంతకుముందు మందు డ్రమ్ము మీద మందు అని రాసిపెట్టేవాళ్లం, అంతే. ఆయన వచ్చాక మందు డ్రమ్ముకు ఎర్రగుడ్డ కట్టాడు, ఆ గుడ్డకు రెండడుగుల లోపల ఎవరూ నిలబడకూడదన్నాడు. దగ్గరికి పోతే కుర్చీలోంచి లేవకుండానే కేకలేసేవాడు. కురిచేడులో ఒక ఇంటాయన తన ఇంట్లోనే తాను పక్కకు జరగాల్సి వచ్చిందని నాతో ఫిర్యాదు చేశాడు. అన్న చెప్పినట్టు వినమన్నాను.

వానలు వెనకబట్టాక గిద్దలూరు నుంచి ఫోను వచ్చింది. చేసింది ఇంటాయన కాదు, ఆమె. గొంతు బాగుపడింది. గోడ సగంలో వదిలేసి పోయినారు, ఎప్పుడొస్తారక్కా అని అడిగింది. ఆ ఇంటికి మళ్లీ పోతామని మేం అనుకోలేదు. భాయ్ వెనకాడాడు. నేను వస్తామని చెప్పేశాను.

పోయేసరికి వీధి గుమ్మం బయట బకెట్ సిద్ధంగా ఉంది. యాసిడ్ సీసా, పినాయిలు, ఇంకా ఏవేవో. వంటనూనె డబ్బా కూడా పెట్టింది. ఇదెందుకమ్మా అంటే, ఏమో, అన్నీ పెడితే మంచిదని పెట్టినా అంది. నూనె డబ్బా లోపల పెట్టించాను. అత్తగారిని ముందే పక్కింట్లో కూర్చోబెట్టింది. కాలవలో చెత్త తీయించింది. నేను చెప్పాల్సిన మాటలు నాకే వరసగా అప్పజెప్పింది. ఆమె చెబుతుంటే వెనక ఇంటాయన ఫోను జేబులో పెట్టుకుని నిలబడి విన్నాడు.

నిచ్చెన ఎవరెక్కాలన్నది సమస్య. కొత్తగా పెట్టుకున్న మనిషి ఆ రోజు రాలేదు. భాయ్ గోడ వైపు చూసి, నిచ్చెన వైపు చూసి, పెద్దగా నిట్టూర్చి తానే ఎక్కాడు. కుర్చీలోంచి అన్న ఒక్కో మెట్టుకూ సలహా చెప్పాడు. నా మోటారు మీద పడొద్దు భాయ్ అన్నాడు చివరికి. భాయ్ పైనుంచి ఏదో తిట్టాడు, మాస్కులో మాకు అర్థం కాలేదు.

గాలి ఉన్న పొద్దు చూసుకుని పోయాం. మందు తక్కువ తక్కువగా, కొంచెం కొంచెం గోడకే పట్టిస్తూ, వెంటవెంటనే కడుక్కుంటూ వచ్చాం. మామూలుగా పట్టే సమయానికి రెండింతలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరి మూల కడగాల్సినప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చి పైపు ఇవ్వమంది. గ్లౌజులు, అద్దాలు పెట్టించి ఇచ్చాను. ఆ మూల బాత్రూం పక్కది. ఆమె పైనుంచి కిందికి మెల్లగా నీళ్లు పట్టింది. గోడ పూర్తిగా తెల్లబడేదాకా పట్టి, కాలవలో నీళ్లు తేటబడేదాకా పోసి, పైపు నా చేతికి తిరిగిచ్చింది.

సామాను సర్దుతుంటే ఆమె అడిగింది, ఇప్పుడు బాత్రూం కడుక్కోవచ్చా అని. ఈ రోజు వద్దు వదినా, కాలవ బాగా పారనీ, రేపు చూసుకో అన్నాను.

ఇంటాయన అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రేపు నేను కడుగుతాలే" అన్నాడు.

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది.

"ముందు బ్రష్ యాడుందో కనుక్కో పో."

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. లోపలికి పోయి నిజంగానే వెతకడం మొదలుపెట్టాడు.